సారమూ పిప్పీ

తాటిపాక దగ్గర నేలకు కన్నాలు పొడిచి గ్యాసు తీస్తున్న సర్కారువారి ఇంజనీర్లను ఒక్కపూట ఇటు పిలిపించి తన పొట్ట మీద ఆ ఇనపగొట్టం నిలబెట్టించుకుంటే దేశానికి ఇంధనమూ దక్కును, తనకు ఊపిరీ ఆడును కదా, అనుకున్నాడు గౌరీశంకరం, పెరటి మరుగుదొడ్డిలో మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, గెడ్డం అరచేతుల్లో పెట్టుకుని, ఆ భంగిమలో చూస్తే ఎవరైనా ఏ గహనమైన శాస్త్రవిషయాన్నో పరామర్శిస్తున్నాడనుకుంటారు, అది అబద్ధమూ కాదు, ముప్ఫై ఏళ్ళకు పైగా తర్కశాస్త్రం పాఠం చెప్పిన బుర్ర దొడ్లో కూచున్నంత మాత్రాన సెలవు పుచ్చుకుంటుందా, పైగా ఈ పీఠమేమైనా సామాన్యమైనదా, మోకాళ్ళు వంగని బావగారి కోసం బావమరిది చలపతి కాకినాడలో కొని, గడ్డిలో చుట్టి, రెండు రేవుల్లో పంటు మీద దాటించి, ఒంటెద్దు బండి మీద తెచ్చిన తెల్లని పింగాణీ పీఠం, ఆవేళ వీధిలో జనం ఏ దేవుడి విగ్రహం వేంచేస్తోందోనని చెప్పులు విప్పి నిలబడ్డారు, గడ్డి విప్పాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, అటువంటి పీఠాన్ని అధిష్ఠించి మూడు రోజులుగా ఉదయమూ సాయంత్రమూ కొలువు తీరుస్తున్నాడు తను, సామంతులెవరూ కప్పం చెల్లించడం లేదు, పొట్ట మీద వేలితో తడితే పెళ్ళివారి డోలులా మోగుతోంది గాని పెళ్ళి జరిగే సూచన కనిపించదు, వీధరుగు మీంచి చలపతి గొంతు, బావగారూ, తెమిలేరా అండీ, పాశర్లపూడి రేవులో మొదటి పంటు తప్పిందంటే ఎదుర్లంకలో రెండోదీ తప్పుతుందండి, మనం కాకినాడ చేరేసరికి డాక్టరుగారు భోజనానికి లేచిపోతారండి, తెమలడానికి నా చేతిలో ఏముందిరా అని లోపలినుంచి తను, ఆయ్, చేతిలో ఏముంటుంది లెండి అని వాడు, వాడికి లోకంలో అన్నీ హాస్యాలే, చావు కూడా హాస్యమే, అది తన బావగారిది కాబట్టి కొంచెం గొంతు తగ్గించి హాస్యమాడతాడు, అంతే.

చావు అన్న మాట ఎవరూ అనరు, డాక్టరు కృపారావు కూడా అనలేదు, కిందటేడు మొట్టమొదటిసారి చూసినప్పుడు, మూత్రపిండాలు రెండూ ముడుచుకుపోయాయండి పంతులుగారూ, పూర్వంలా పనిచెయ్యవు, అని ఎవరో గుమాస్తాలు బదిలీ అయిపోయారన్నట్టు చెప్పాడు, నిజానికి గుమాస్తాలే వాళ్ళు, అరవై ఏళ్ళు చీకట్లో కూచుని ఒక్క దరఖాస్తు పెట్టకుండా, ఒక్క పూట సెలవడక్కుండా రక్తాన్ని వడపోసిన కవల గుమాస్తాలు, వాళ్ళున్నారని తనకు తెలిసింది వాళ్ళు రాజీనామా ఇచ్చాకనే, అందుకే వాళ్ళను తిట్టడానికి మనసొప్పదు, కాళ్ళు వాచినా, ఒళ్ళంతా దురదపెట్టినా, నోట్లో ఎప్పుడూ రాగిడబ్బు చప్పరిస్తున్నట్టున్నా, ఏ తల్లి కన్న బిడ్డలో పాపం అనే అనిపిస్తుంది, వాళ్ళు పోయాక ఆ ఉద్యోగంలో కొంత భాగం పేగుకు అప్పజెప్పాలన్నాడు డాక్టరు, మూత్రంలో పోవలసిన విషం కొంతైనా ఆ దారిని పోవాలి, పోకపోతే లోపలే పులిసి తిరిగి రక్తంలోకే ఎక్కుతుంది, అంచేత రోజూ విరేచనం కావాలి, దానికి పీచు తినాలి, పీచే ఇప్పుడు మీకు మందనుకోండి అంటే, వెనకనుంచి చలపతి, కోనసీమలో పీచుకేం లోటండీ డాక్టరుగారూ, ఇంటింటా తాళ్ళు పేనుతున్నారు అన్నాడు, డాక్టరు నవ్వలేదు, అచ్చయమ్మ మాత్రం తమ్ముడి వైపు చూసిన చూపుకి వాడు కాకినాడ నుంచి యానాం దాకా నోరెత్తలేదు, అచ్చయమ్మ ఎప్పుడూ డాక్టరు గదిలోకి వస్తుంది, మీరు బయట కూచోండమ్మా అన్నా కదలదు, ఆయన మీరు చెప్పినదంతా నాకు చెప్పరండి, శాస్త్రం కలిపేసి చెబుతారు అంటుంది, అదీ నిజమే.

పీచు తినాలి సరే, ఏ పీచు, ఈ దేశంలో నేల మీద పాదం మోపితే అరటి, తల ఎత్తితే కొబ్బరి, పక్కకి తిరిగితే పనస, కాలవగట్టు దిగితే తోటకూర, తన పుట్టుకనుంచి తనను పోషించిన సమస్త వృక్షజాతినీ పొటాషియమనే ఒక్క మాటతో వెలివేశాడు డాక్టరు, అది ఒక లవణమట, కంటికి కనబడదట, పనిచెయ్యని పిండాలు దాన్ని బయటికి తొయ్యలేవు, అది రక్తంలో పోగుపడి పోగుపడి ఒకరోజు గుండెను ఆపేస్తుందట, కొబ్బరినీళ్ళ నిండా అదేనట, అరటిపండు నిండా అదేనట, మునగాకు సరేసరి, పది ఊళ్ళవాళ్ళు జ్వరమొస్తే వచ్చి బొండాలు కొట్టించుకునే తోటలో యజమాని మాత్రం దొంగలా తల వంచుకు నడవాలి, మరేం తినమంటారండీ అంటే బీర, సొర, దొండ, కేబేజీ, అవి కూడా చిన్న ముక్కలు తరిగి, బోలెడు నీళ్ళు పోసి ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు ముక్కలు తినండి, నీళ్ళతో విషం పోతుంది, ముక్కలో పీచుంటుంది అన్నాడు, ఆ ముక్క ఏం ముక్క, రంగు పోయి, రుచి పోయి, చాకిరేవులో బాదేసిన చొక్కాలా విస్తట్లో పడుంటుంది, పిప్పి, అచ్చమైన పిప్పి, గ్రంథంలో సారం తీసుకుని పిప్పి వదిలిపెట్టడమే చదువంటే అని తను శిష్యులకు ఎన్నిసార్లు చెప్పాడు, ఇప్పుడు సారం పారబోసి పిప్పి భోంచెయ్యమంటే అది వైద్యమా, పరాభవమా, ముక్క విస్తరి చివరికి తోసేసేవాడు, అచ్చయమ్మ తీసేసేది, పోనీ ఇసప్‌గోలు పొట్టు మింగండి అని ఇంకో ఉపాయం, ఆ పొట్టు పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగితేగాని లోపల ఉబ్బదు, కాళ్ళు వాస్తాయి కాబట్టి పిండాలేమో నీళ్ళొద్దంటాయి, పొట్టుకూ పిండాలకూ మధ్య రాయబారం నడిపి నడిపి నాలిక అంగిలికి అంటుకుపోయింది, ఈ సమస్త దుర్భిక్షంలోనూ తనకు మిగిలింది ఒక్క చారు, డాక్టరు దానికి అభ్యంతరం చెప్పలేదు, నీళ్ళ లెక్కలో కలుపుకోమన్నాడంతే, ఉప్పులేని చారే, కంది బద్ద తగలని చారే, అయినా ఏం చారు అది, మిరియమూ జీలకర్రా ఇంగువా ఎప్పుడూ ఉండేవే గాని, వాటి వెనక ఏదో ఒక నిండుతనం, ఆకలి అనేది ఇంకా ఒంట్లో ఎక్కడో బతికే ఉందని గుర్తుచేసే రుచి, ఒకనాడు చెయ్యి నాకి, ఏమే, నీ చేతికి ఇంత పనితనం ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు అన్నాడు తను, ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో వంట గురించి అంత మాట అనడం అదే మొదలు, బాగుంటే మాట్లాడకుండా తినడమే తమ ఇళ్ళలో మెప్పు, అచ్చయమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, తరవాత వంటింట్లోకి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు, ఆనాటినుంచి అడక్కుండానే రెండోసారి వడ్డిస్తోంది.

అదంతా బాగానే ఉంది, కిందటి నెల కాకినాడలోనే బాగాలేదు, డాక్టరు రక్తపరీక్ష చీటీ చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, పంతులుగారూ, కొబ్బరినీళ్ళు తాగుతున్నారు అన్నాడు, అడగలేదు, అన్నాడు, లేదండీ అంటే, తాగకుండా ఇది ఇంత ఎక్కదండీ, కోనసీమవాళ్ళను నేను కొత్తగా చూస్తున్నానా, అందరూ మొదట లేదండీ అనే అంటారు, ఇంకో నెల చూద్దాం, అప్పటికీ దిగకపోతే మాత్రం ఆ గుండె ఎప్పుడు ఆగుతుందో నేను చెప్పలేను, నన్ను అడిగి ఆగదు, అన్నాడు, అదే తీర్పు, అదే గడువు, ఆ గడువు ఇవాళ, తను ఎన్ని సభల్లో ఎందరి నోళ్ళు మూయించాడు, పొగ ఉంది కాబట్టి నిప్పుందనేవాణ్ణి ఆ పొగ మంచేమో చూసుకున్నావా అని నిలదీసి కూచోబెట్టినవాడు, తాగలేదు అన్న ఒక్క ముక్కను రుజువు చేసుకోలేకపోయాడు, చెయ్యని పనికి సాక్షిని ఎక్కడినుంచి తెస్తాడు, అచ్చయమ్మ పంటు మీద నీళ్ళ వైపే చూస్తూ కూచుంది, మర్నాడు బొండాలు కొట్టే కత్తి కనబడలేదు, బియ్యపు గాబులో దాచింది, వారం తిరక్కుండా పెరట్లో నాలుగు చెట్లకీ లేత గెలలన్నీ దింపించి ఊళ్ళో పంచేసింది, తను తోటలోకి వెళితే ఏదో పనున్నట్టు వెనకాల గుమ్మంలోకి వస్తుంది, తనను నమ్మలేదు, ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క అబద్ధమాడని మొగుణ్ణి కాకినాడ డాక్టరు ఒక్క మాటతో కొబ్బరిదొంగను చేస్తే నమ్మేసింది, ఆ నమ్మకం మొదట కోపం తెప్పించింది, తరవాత దిగులు, ఆపైన మరీ విచిత్రం, తనకే సందేహం మొదలైంది, ఏ కలత నిద్రలోనో లేచి వెళ్ళి తాగుతున్నానా అని, లేకపోతే ఈ కాళ్ళిలా ఇసకబస్తాల్లా ఎందుకు బరువెక్కుతున్నాయి, ఈ గుండె ఏమిటి, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఒక అడుగు వెయ్యడం మానేసి, ఎవరో పిలిచినట్టు ఆగి, మళ్ళీ కంగారుగా రెండడుగులు ఒకేసారి వేస్తోంది, ఇదిగో, ఇప్పుడు కూడా.

గోడకవతల నూతిపళ్ళెం మీద బాల్చీ చప్పుడు, ఆ వెనకనే అమ్మాజీ గొంతు, పక్కింటి రైతుల కోడలు, ఈ ఇంటి కుడితి తీసుకెళ్ళి తమ గేదెకు పోసి, పొద్దున్నే పాలు తెచ్చివ్వడం ఆ పిల్ల అత్తగారి నాటినుంచి వస్తున్న ఆనవాయితీ, గొంతు తగ్గించి మాట్లాడటమనేది ఆ వంశంలో లేదు, పంతులుగారు ఇంకా లోపలే ఉన్నారా అండీ అంటోంది, ఆ, మూడు రోజులైందమ్మా అని అచ్చయమ్మ, తన అంతఃపుర రహస్యం ఇరుగింటి గేదెకు కూడా తెలిసిపోయేట్టుందనుకున్నాడు తను, అమ్మాజీ నిట్టూర్చి, మా గేదెకి మాత్రం మహా కులాసాగా ఉందండి, ఈమధ్య మీ కుడితి మారిపోయిందండి అచ్చయమ్మగారూ అంది, మారడమేమిటమ్మా, అన్నీ కూరముక్కలేనండి, సొర, బీర, చక్కగా ఉడికినవి, మహరాజులా తింటోంది, ముక్కలన్నీ దానికే పెట్టేస్తే మరి పంతులుగారేం తింటున్నారండి, ఏం తింటారమ్మా, ముక్క ముట్టరు, పిప్పి అంటారు, ఆయ్, మరి ఆ ఉడకేసిన నీళ్ళేవండీ, ఇన్ని ముక్కలకి బోలెడు నీళ్ళుండాలి కదండీ, కుడితిలో చుక్క కనబడదు, అంత చిక్కగా ఉంటోంది, గిలక కిర్రుమంది, చేద నూతిలోకి దిగిన చప్పుడు, నీళ్ళు పారబొయ్యమన్నారు డాక్టరుగారు, అని అచ్చయమ్మ కొంచెం గొంతు తగ్గించింది, తగ్గించినా గోడ ఇటుక మందమేనాయె, పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు అమ్మాజీ, కాయలో బలమంతా ఆ నీళ్ళలోకే కదా దిగేది, ముక్కెలాగూ తినరు, చూస్తూండగా మనిషి సగమైపోయేరు, అంచేత ఆ నీళ్ళతోటే చారు పెట్టేస్తున్నాను, పూటపూటా అదే, ఆ చారు ఒక్కటే ఇష్టంగా పోయించుకుంటున్నారు, ఆయనకి చెప్పలేదనుకో, పత్యం చెడిందని మానేస్తారేమోనని, ఎవరితోనూ అనకేం, ఆయ్, నేనెందుకంటానండీ, మంచి పని చేసేరు, మనం కనిపెట్టి చూసుకోకపోతే వీళ్ళు బతుకుతారా అండీ, అని అమ్మాజీ బాల్చీ ఎత్తుకుని గాజులు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

మొట్టమొదట కలిగింది, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆనందం, దొరికింది, హేతువు దొరికింది, నెల్లాళ్ళుగా వెతుకుతున్న కారణం ఇంగువ వాసనతో సహా దొరికింది, ముక్కల్లోంచి దిగిన విషమంతా నీళ్ళలో, నీళ్ళు చారులో, చారు తనలో, ఎంత నిర్దుష్టమైన పరంపర, డాక్టరుగారూ, మీరు చూసిన పొగ నిజమే గాని నిప్పు వేరే పొయ్యిలో ఉందండి అని కాకినాడ నడిబజారులో నిలబడి వాదించి గెలవగలడు, పాపం ఎవరు చూడొచ్చారు, మడివంట, అచ్చయమ్మ మడి కట్టుకుని లోపలికి వెళ్ళాక తను కూడా గడప దాటి తొంగిచూడడు, ముట్టుకోకూడదు, అడగకూడదు, వడ్డించినది తినాలి, ఆ గోడల మధ్య ఉడికిన నీళ్ళు పారబోసే చెయ్యి ఈ వంశంలో ఏ కోడలికీ లేదు, బియ్యం కడిగిన నీళ్ళకు ఒక దారి, గంజికి ఒక దారి, కాయ చెక్కుకు ఒక దారి, దేనికీ దారి తప్పనివ్వని ఇల్లు, మంచిదంతా మొగుడికి, మిగిలింది గేదెకు, గేదె తింటున్నది తను తిని తను తాగుతున్నది గేదెకు పోసి ఉంటే ఇద్దరూ సుఖంగా ఉండేవారు, అని నవ్వు కూడా వచ్చింది, సగంలో ఆగిపోయింది, ఎందుకంటే సారం అంటూ వెతికినన్నాళ్ళూ తను పుచ్చుకున్నది విషమూ, పిప్పి అని తోసేసినది ప్రాణమూ అన్న సంగతి అప్పుడే కాళ్ళలోంచి పైకి పాకుతున్న చలిలా తెలిసింది, పీచంతా గేదె పొట్టలో ఉంది, అందుకే అది కులాసాగా ఉంది, తను ఇక్కడ ఉన్నాడు, గుండె మళ్ళీ ఒక అడుగు మానేసింది, ఈసారి ఎక్కువసేపు ఆగినట్టనిపించింది.

పిలవాలి, ఇప్పుడే పిలిచి చెప్పాలి, ఏమని, ఏమే, నీ చారు నన్ను చంపుతోందనా, తను ఎంత మెల్లిగా చెప్పినా, ఎన్ని మినహాయింపులు పెట్టి చెప్పినా అచ్చయమ్మకు వినిపించేది ఆ ఒక్క వాక్యమే, కార్తీకమాసం నాలుగు సోమవారాలూ తన కోసం నీళ్ళైనా ముట్టని మనిషి, వాచిన ఈ కాళ్ళకు రోజూ ఆముదం రాసే మనిషి, ఏడుస్తుందా, ఏడవదు, అదే భయం, కొత్త కోడలుగా వచ్చిన ఏడాది ఆవిడ ఊపుతున్న ఉయ్యాల్లోంచి పసిపిల్ల పడిపోతే, దెబ్బ తగల్లేదే, లేచి నవ్వుతోంది చూడవే అని ఇల్లంతా చెప్పినా వినకుండా ఆ ఉయ్యాల ముట్టుకోవడమే మానేసిన మనిషి, ఆడపడుచు కూతురు అది, ఇప్పుడు ముగ్గురు బిడ్డల తల్లి, ఇంకా ఆ పిల్ల వచ్చినప్పుడల్లా తల నిమిరి చూస్తుంది, అలాంటిదానికి ఇది చెబితే పొయ్యి దగ్గరకు వెళుతుందా, ఆ చేతులతో మళ్ళీ అన్నం కలుపుకుంటుందా, తను ఇవాళో రేపో పోతాడు, చారు మానేసినా పోవచ్చు, ఎక్కినది దిగుతుందని ఎవరు పూచీ, తను పోయాక ఆవిడ ఎన్నేళ్ళుంటుంది, ఆ ఏళ్ళన్నీ ఆ గిన్నె ముందు కూచుంటుంది, పోనీ డాక్టరుతో ఒంటరిగా చెబుదామా, ఒంటరిగా ఎలా, గదిలోంచి కదలదు, కదిలినా ఆ మహానుభావుడి గొంతు మూడు గదులకు వినబడుతుంది, ఏమమ్మా, చేజేతులా మొగుడికి విషం పోస్తున్నారా అని తప్పక అంటాడు, ఆయనకు మనుషుల రక్తం తెలుసు గాని మనుషులు తెలియరు, పోనీ ఏమీ చెప్పకుండా ఆ చారే తాగుతూ పోతే, అదీ ఒక దారే, గొప్ప దారి, నలుగురూ వింటే పురాణంలా ఉంటుంది, కాని వినేవాళ్ళెవరు, తెలిసి తాగడమంటే ఆవిడను హంతకురాలిగా ఉంచి తను త్యాగమూర్తి కావడమే కదా, పైగా తనకు బతకాలని ఉంది, ఈ మాట ఇంత స్పష్టంగా తనతో తను అనుకోవడం ఇదే మొదలు, పింగాణీ పీఠం మీద, ఉబ్బిన పొట్టతో, ఊపిరి సరిగా అందకుండా, ఏ ప్రయోజనమూ లేకుండా బతకాలని ఉంది, అయితే నేరం ఎవరో ఒకరు మొయ్యాలి, కారణం లేకుండా కార్యం ఉండదు, డాక్టరు ఇదివరకే ఒక కారణం కట్టి సిద్ధంగా ఉంచాడు, ఒప్పుకోవడమే తరువాయి, ఏ సభలోనూ ఓటమి పత్రం రాయని గౌరీశంకరం ఇవాళ పెరట్లో, ప్రతివాది లేని సభలో, చెయ్యని తప్పుకు ఓటమి ఒప్పుకుంటున్నాడు, ఆ ఆలోచన రాగానే, ఎంత చెడ్డా, ఛాతీ కొంచెం విరుచుకుంది.

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని అచ్చయమ్మ నిలబడి ఉంది, అయిందా అండీ అంది, లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ వడగట్టి వడగట్టి చివరికి ఈ ఒక్కటి మిగిలింది వాళ్ళిద్దరి మధ్య, లేదు అన్నాడు, చెంబు అందుకుని కాళ్ళు కడుక్కుంటుంటే చలపతి గొడుగు చంకన పెట్టుకుని నూతి దగ్గరకే వచ్చేశాడు, సరే లెండి బావగారూ, దారిలో రేవు గతుకులు ఉన్నాయి కదండీ, అవే చూసుకుంటాయి, ఇంతకీ ఈసారి డాక్టరుగారికేం చెబుతారు, తాగేనని చెబుతాను అన్నాడు తను, చలపతి నవ్వబోయి ఆగి, ఏవిటండీ అన్నాడు, కొబ్బరినీళ్ళు, తాగేను, రోజూ తాగుతున్నాను, దాహానికి ఆగలేక, డాక్టరు చెప్పినది నిజమే, అని ఒక్కొక్క మాటా పాఠం చెప్పినట్టు చెప్పాడు, అచ్చయమ్మ తమ్ముడి వైపూ మొగుడి వైపూ చూసి, కత్తి గాబులో పెట్టేనుగా, దేంతో కొట్టేరు అంది, రాతికేసి కొట్టుకున్నాను అన్నాడు, తర్కంలో ఇంత బలహీనమైన సమాధానం ఏ శిష్యుడు చెప్పినా గోడకుర్చీ వేయించేవాడు, చలపతికి మాత్రం ఆ దృశ్యం కళ్ళక్కట్టి, తర్కశాస్త్ర పండితులు కొబ్బరికాయతో మల్లయుద్ధం చేసేరా అండీ, ఈ ముక్క యానాందాకా చెప్పుకుంటానండి అని నవ్వుతూ వీధిలోకి నడిచాడు, అచ్చయమ్మ నవ్వలేదు, కోప్పడుతుందేమోనని చూశాడు తను, కోప్పడనూ లేదు, నెల్లాళ్ళుగా బిగబట్టి ఉన్నదేదో వదిలినట్టు భుజాలు కిందికి దిగాయి, నాకు తెలుసండి, నోరెండిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు, పోనీ లెండి, ఇంక తాగకండి, చెప్పేశారు కదా, అదే చాలు, దాహమైతే నన్నడగండి, ఇంకో గరిటె చారు ఎక్కువ పోస్తాను, ఇవాళ దారికని క్యారియర్లో కూడా నిండా పోసేను, అంది.

నిండా పోసేను అంది, ఆ మాటతో తను ఇంతసేపూ కట్టుకున్న ఓటమి మహాసౌధం నూతిపళ్ళెం మీద కూలిపోయింది, నేరం తన నెత్తిన వేసుకుంటే ఆవిడకు ఊరట కలిగింది సరే, ఆ ఊరటతో గరిటె ఇంకా లోతుగా ముంచుతుంది, ఇంతకంటే చిన్న మాట, ఇంతకంటే చవకబారు మాట ఒకటి మిగిలి ఉంది, అది తనే అనాలి, దొంగనని ఒప్పుకోవడం ఎంత సులువో దీని ముందు తెలుస్తోంది, దానికైతే ఛాతీ విరుచుకుంది, దీనికి తలే వంగింది, చారు తీసెయ్యి అన్నాడు, ఎందుకండీ, బాగుండటం లేదు, ఎప్పటినుంచండీ, కొన్నాళ్ళయింది, మొన్న బాగుందన్నారు కదండీ, మొహమాటానికి అన్నాను, అచ్చయమ్మ కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటోంది, ఉప్పు లేదు కదండీ, అందుకనేమో అంది చివరికి, ఎంత దయగలదో, తను బయటపడటానికి తలుపు ఆవిడే తెరిచి పట్టుకుంది, అవును, ఉప్పు లేకనే, అని ఆ తలుపులోంచి వచ్చేస్తే ఎంత బాగుండును, కాని ఉప్పు లేకపోవడమే తప్పైతే రేపు ఇంకో మిరియం దంచి, ఇంకో రెబ్బ కరివేపాకు వేసి, ఆ నీళ్ళతోనే మళ్ళీ పెడుతుంది, తన కోసం ఎంత శ్రమైనా పడుతుంది, అదే ప్రమాదం, ఉప్పు సంగతి కాదు, నీ చేతిలోనే రుచి లేదు, ఇంక చారన్నది నా విస్తట్లో పొయ్యకు, ఆ ఉడకేసిన ముక్కలే పెట్టు, అవే నయం, అన్నాడు, పిప్పి కదండీ అవి అంది, అదే నయం అన్నాను కదా అన్నాడు, గట్టిగా, అవసరమైనదానికంటే గట్టిగా, ఆయ్, అలాగే లెండి, అని అచ్చయమ్మ వంటింటి వైపు నడిచింది, నడకలో తేడా లేదు, వీపులో మాత్రం ఉంది, వెనకనుంచి చూస్తే కొత్త కోడలుగా ఈ ఇంట్లోకి వచ్చిన నాటికంటే ఒంటరిగా కనిపించింది, లోపల క్యారియరు మూత తీసిన చప్పుడైంది, గిన్నె వంచిన చప్పుడు, ఇన్నాళ్ళూ పారబోయలేకపోయిన చేతులు పారబోస్తున్నాయి, రేవులో పంటు, కాకినాడ, చీటీ మీద అంకె, అది దిగవచ్చు, దిగకపోవచ్చు, దిగితే పేగు కూడా మాట వినవచ్చు, ముక్కలు తింటాడు, నెలలు గడవవచ్చు, ఏడాదీ గడవవచ్చు, అన్నాళ్ళూ పూటపూటా విస్తరి ముందు కూచుని చారు లేకపోవడమే బాగుందన్నట్టు మొహం పెట్టాలి, ఒక్క పూట మెత్తబడి ఒక్క మంచి మాటన్నా ఆ గిన్నె మళ్ళీ పొయ్యెక్కుతుంది, తడికాళ్ళతో అక్కడే నిలబడి గౌరీశంకరం అప్పుడు తెలుసుకున్నాడు, ఇకమీద తను బతికే ప్రతిరోజూ ఆవిడను నొప్పించి తెచ్చుకున్న రోజే అవుతుందని.